మాబేలే పాట ఆగిన చోటు

దక్షిణాఫ్రికాలోని ఎంటాబేనిలో ఫెజిలే ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చప్పున చెప్పలేరు. క్వాతి ఇల్లు అని అడగాలి. వంశం పేరుతో పిలిస్తేనే అక్కడ మనిషికి మర్యాద. ఆడవాళ్ళకైతే ఆ పేరు ముందు మా చేరుతుంది.

గొర్రెల ఫారాల్లో నీళ్ళు తోడే గాలిమరలు బాగుచెయ్యడం క్వాతి పని. పద్దెనిమిదేళ్ళప్పుడు ఎక్కిన నిచ్చెన అరవై దగ్గర పడుతున్నా దిగలేదు. ఫారాలన్నీ తెల్లవాళ్ళవి. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ ఉండవు. వారమంతా ఎత్తు మీద, గాలిలో, ఒక్కడే. మాట్లాడటానికి మనిషి దొరకడు. అందుకేనేమో శనివారం నల్లవాళ్ళ పేట అయిన లొకేషన్‌కు తిరిగొచ్చి నలుగురిలో పడితే అతని నోటికి పట్టపగ్గాలుండేవి కావు.

ఆ నోరే అతనికి పేరు తెచ్చింది. కొన్సాటిలో తెచ్చింది.

కొన్సాటి అంటే పాటల సభే. అయితే అక్కడ డబ్బు పుట్టేది పాట వల్ల కాదు. వేదిక పక్కన ఒక బల్ల, బల్ల మీద పళ్ళెం, వెనక గంట పట్టుకుని అధ్యక్షుడు. ఎవరికి ఏం కావాలంటే అది కొనుక్కోవచ్చు. ఈ రెండు రాండ్లతో ముందు వరసలో పొట్టిపిల్ల ఒక్కతే పాడాలి అనొచ్చు. ఈ ఐదుతో పాస్టరుగారు బూట్లు విప్పాలి అనొచ్చు. గంట మోగాక చెప్పింది జరిగి తీరాలి. నచ్చనివాళ్ళు అంతకంటే ఎక్కువ పళ్ళెంలో వేసి దాన్ని తిప్పెయ్యాలి. దాన్ని పైన పెట్టడం అంటారు. తాను పెట్టినదాని మీద తానే పైన పెట్టకూడదు. నియమమంటూ ఉంటే అదొక్కటే. చర్చి కప్పు అలా వచ్చింది. బడి కిటికీలకు అద్దాలు అలా వచ్చాయి. శవపెట్టె కొనే స్తోమత లేని ఇళ్ళలో చావు జరిగితే పెట్టె కూడా అలాగే వచ్చేది.

క్వాతి లేవందే కొన్సాటి వేడెక్కేది కాదు. అతను బల్ల దాకా మామూలుగా నడిచి వెళ్ళడు. మోకాళ్ళు వంచి, భుజాలు ఆడిస్తూ, నోటును నుదుటికి అంటించుకుని వెళతాడు. భార్య మామియా అతనికి దొరికింది కూడా ఆ బల్ల దగ్గరే. ఫారంలో వచ్చిన మొదటి జీతంలోంచి నాణెం తీసి, బృందంలో మూడో అమ్మాయి తన వైపు తిరిగి పాడాలన్నాడు. ఆ అమ్మాయి తిరిగి పాడింది. నా పెళ్ళాన్ని పది సెంట్లకు కొన్నాను అని అతను నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు. ఆ పది సెంట్లు చెల్లనివని నాకు తర్వాత తెలిసింది అని ఆమె నలభై ఏళ్ళుగా అంటోంది.

నది ఒడ్డున పాత పాస్ ఆఫీసు ఉంది. నల్లవాడు పట్నంలో అడుగు పెట్టాలన్నా, పని చెయ్యాలన్నా, తన ఇంట్లో తాను పడుకోవాలన్నా ఒకప్పుడు దాని కిటికీ ముందు నిలబడి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఆ రాజ్యం పోయింది. గోడలు మిగిలాయి. కప్పు రేకులు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. ఆ గోడల మధ్య జ్ఞాపకాల ఇల్లు కట్టాలని లొకేషన్ వాళ్ళు అనుకున్నారు. అక్కడ జరిగినదంతా పిల్లలు చూడాలి, వినాలి. ముందు కప్పు మీరు వేసుకోండి, తర్వాతది మేం చూస్తాం అని ప్రభుత్వం వాళ్ళు అన్నారు. కప్పు అనగానే అందరికీ కొన్సాటి తట్టింది. కొన్సాటి అనగానే క్వాతి తట్టాడు.

కమిటీ పని చూసేది లులామా, బడిలో టీచరు. పాతవాళ్ళ మాటలు రికార్డు చేసి ఆ ఇంట్లో వినిపించాలని ఆమె కోరిక. అందరిళ్ళకూ తిరిగింది. చెప్పించుకోలేనిది తన సొంత అమ్మమ్మ మాబేలేతోనే.

ఆడవాళ్ళూ పాసులు పెట్టుకోవాలన్న సంవత్సరం, లొకేషన్ ఆడవాళ్ళు ఆ కిటికీ ముందు నేల మీద కూర్చున్నారు. లేవమంటే లేవలేదు. పాడారు. ట్రక్కులు వచ్చి ఎత్తుకుపోయాయి. పాట మొదటి సగం కూర్చున్నచోట పుట్టింది. అది లొకేషన్‌లో అందరికీ వచ్చు. రెండో సగం జైల్లో పుట్టింది. అది లోపలున్న వాళ్ళకే తెలుసు. వాళ్ళలో ఇప్పుడు బతికున్నది మాబేలే ఒక్కతే.

అడిగితే, "పొయ్యి మీద కుండ ఉందే, తర్వాత" అనేది. పొయ్యి వెలిగించని పూట కూడా అలాగే అనేది.

కొన్సాటి శనివారం మధ్యాహ్నం బడి హాల్లో పెట్టారు. వెనక వంటగదిలో టీ కాస్తున్నారు, పిండి ముద్దలు నూనెలో వేగుతున్నాయి. రిటైరైన హెడ్మాస్టరు మబాండ్లా గంట పట్టుకుని కూర్చున్నాడు. రెండు బృందాలు పాడి దిగిపోయాయి.

"క్వాతీ, ఏమిటింకా కూర్చునే ఉన్నావు? జేబుకు చిల్లు పడిందా?" అన్నాడు మబాండ్లా.

"మీ మెడలో ఆ టై చూసి జాలేసి కూర్చున్నా సార్. ఇదిగో పది. దాన్ని విప్పి పాస్టరమ్మ కట్టుకోవాలి."

"ఇరవై," అంది పాస్టరు భార్య కూర్చున్నచోటి నుంచే. "టై సారు మెడలోనే ఉండాలి. క్వాతి బల్ల కింద కోడిలా పొదగాలి."

క్వాతి బల్ల కిందికి దూరి పొదిగాడు. గుడ్డు పెట్టినట్టు కూశాడు కూడా. హాలు ఊగిపోయింది. పళ్ళెం నిండుతోంది.

అప్పుడు మాబేలే లేచింది. ఆమె పాడుతుందని ఎవరూ అనుకోలేదు. గోధుమరంగు దుప్పటి కప్పుకుని, కర్ర ఆనించుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, ఒక్క రాండు నాణెం పళ్ళెంలో వేసింది.

"దీంతో నేను పాడాలి."

తనను తానే కొనుక్కున్నవాళ్ళను ఎవరూ చూసి ఉండలేదు. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. మబాండ్లా గంట మోగించాడు.

కిటికీ దొరా, కిటికీ దొరా,
పొద్దు నెత్తి మీదికొచ్చింది.
నా వేలిముద్ర నీకెందుకు,
ఇది పిండి పిసికే వేలు.

మొదటి చరణాలు హాలంతా కలిసి పాడింది. తెలిసింది అయిపోయాక ఒక్కొక్కరూ ఆగిపోయారు. మాబేలే ఆగలేదు. గొంతు సన్నగిల్లింది. మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటోంది. వినాలంటే చెవి ఒగ్గాలి. వెనక పిల్లలు అల్లరి మొదలెట్టారు. రబ్బరు బూట్ల నాట్యానికి వచ్చిన కుర్రాళ్ళు తలుపు దగ్గర నిలబడి మడమలు తాటిస్తున్నారు.

"క్వాతీ," అని ఎవరో వెనక నుంచి పిలిచారు.

"క్వాతీ, ఏదో ఒకటి చెయ్యవయ్యా. టీ చల్లారిపోతోంది."

అతను అప్పటికి బల్లకు దగ్గర్లోనే ఉన్నాడు. మాబేలే అతనికి నాలుగడుగుల దూరంలో ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. అది చూశాడు. పాట అయిపోలేదని అతనికి తెలుసు.

గోడ అవతల ఎవరో దగ్గారు,
దగ్గు విని పేరు పట్టాను...

అతని మోకాళ్ళు వంగాయి. భుజాలు ఆడాయి. యాభై రాండ్ల నోటు నుదుటికి అంటుకుంది.

"ఈ యాభైతో మన మాబేలే అమ్మ కూర్చోవాలి. పాపం కాళ్ళు లాగుతుంటాయి. చక్కెర దండిగా వేసి టీ ఇవ్వాలి. బూట్ల కుర్రాళ్ళు రావాలి."

నవ్వు లేచింది. మబాండ్లా గంట ఎత్తి పట్టుకున్నాడు, కొట్టలేదు. "పైన పెట్టేవాళ్ళున్నారా?" అన్నాడు. హాలు ఇటూ అటూ చూసుకుంది. మళ్ళీ అడిగాడు. నేను లేవబోయాను అని తర్వాత చాలామంది అన్నారు. ఆ పూట మాత్రం ఎవరూ లేవలేదు.

గంట మోగింది.

మాబేలే కళ్ళు తెరిచింది. నోరు ఇంకా కొంచెం తెరుచుకునే ఉంది. గంట వైపు చూసింది, క్వాతి వైపు చూసింది. "అలాగే నాయనా," అంది. నవ్వింది. వెళ్ళి కూర్చుంది. టీ తెచ్చిస్తే అడుగు దాకా తాగింది. లులామా టీ పోస్తూ వంటగదిలో ఉండిపోయింది. ఆమె బయటికొచ్చేసరికి బూట్ల మోత మొదలైంది.

కప్పుకు సరిపడా డబ్బు వచ్చింది.

కొన్సాటి అయిన రాత్రి క్వాతి విసిరిన మాటలన్నీ మామియా ఇంట్లో మళ్ళీ చెప్పి నవ్వడం అలవాటు. ఆ రాత్రి పళ్ళెంలో ఉడికిన మొక్కజొన్నలూ చిక్కుడుగింజలూ వడ్డించి, పక్కింటి మేక తాడు తెంచుకున్న సంగతి చెప్పింది.

"నేను కోడిలా పొదిగితే నువ్వు చూళ్ళేదా?" అన్నాడు.

"చూశా. అన్నీ చూశా," అంది మామియా. లేచి పళ్ళాలు తీసేసింది.

రెండు రోజులకు లులామా రికార్డరు పట్టుకుని అమ్మమ్మ ముందు కూర్చుంది. హాల్లో పాడావుగా, ఆ మిగతాది నాకు పాడు అంది. మాబేలే చిక్కుడుగింజల్లో రాళ్ళు ఏరుతోంది.

"నా దగ్గరెక్కడుందే? అమ్ముడుపోయింది. క్వాతి కొన్నాడు. అతన్నడుగు."

ఆ మాట లొకేషన్‌ను చుట్టి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కొట్టు దగ్గర ఒకడు, "క్వాతీ, మా చెల్లెలి పెళ్ళి ఉంది. పాట ఎంతకిస్తావు?" అన్నాడు. వ్యాను డ్రైవరు అతను ఎక్కగానే వెనక్కి తిరిగి, "నోళ్ళు మూసుకోండర్రా. క్వాతి యాభై తీశాడంటే మనమంతా దిగి నడవాలి," అన్నాడు. క్వాతి మొదట వాళ్ళతో పాటే నవ్వాడు. ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. ఆ తర్వాత వ్యాను ఎక్కడం మానేశాడు. కొట్టుకు చుట్టు దారిన వెళ్ళేవాడు. గాలిమర మీద ఎవరూ ఉండరు కదా అని పనిలోకి వెళ్ళాడు. అక్కడ రెక్కలకు నూనె పెడుతుంటే పాటలో తాను ఆపిన చోటి రెండు పాదాలు నోట్లోకి వచ్చేవి. దగ్గు విని పేరు పట్టాను. తర్వాత గంట మోగేది.

ఒక పొద్దున కొత్త నోటు మడిచి జేబులో పెట్టుకుని మాబేలే ఇంటికి వెళ్ళాడు. ఆమె కోళ్ళకు నూకలు చల్లుతోంది.

"అమ్మా, యాభై మీద వంద పెడతాను. పాట నువ్వే తీసేసుకో."

"నువ్వు పెట్టినదాని మీద నువ్వెలా పెడతావు? ఆ నియమం మాకు నేర్పిందెవరు?"

"ఇంకొకళ్ళ చేత పెట్టిస్తా."

"ఎవరి చేత? హాల్లో కూర్చున్నవాళ్ళ చేతా? వాళ్ళకు ఆ రోజు చేతుల్లేవా?"

క్వాతి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "తిట్టమ్మా నన్ను."

"తిట్టడానికి నువ్వేం చేశావయ్యా? దొంగతనం చెయ్యలేదు. డబ్బిచ్చి కొన్నావు." ఆమె గిన్నె దులిపింది. "ఆ రోజుల్లో మమ్మల్ని ఆపాలంటే ట్రక్కులు రావాల్సొచ్చింది. కుక్కలు రావాల్సొచ్చింది. నీకు నోటు సరిపోయింది. టీ బాగుంది."

కోడి ఒకటి అతని బూటు పక్కన గింజ ఏరుకుంది. అది పోయేదాకా అతను కాలు కదపలేదు.

ఇంటికొచ్చి జరిగింది మామియాకు చెప్పాడు. ఆమె చాలాసేపు బట్టలు పిండుతూనే ఉంది.

"నోరు మూయించినవాడివి, నోరు తెరిపించే సీసా పట్టుకెళ్ళు," అంది చివరికి.

అది పెళ్ళి మాటల్లో పద్ధతి. మగపెళ్ళివారి పెద్దలు పిల్ల ఇంటి గేటు ముందు నిలబడతారు. లోపలివాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి. వెళ్ళినా మాట పలకరు. ముందు బ్రాందీ సీసా పెట్టాలి. అది పెట్టాకే అవతలివాళ్ళ నోరు తెరుచుకుంటుంది. క్వాతి ఆమె ముఖంలోకి చూశాడు, ఎగతాళా అని. మామియా పిండిన గుడ్డ దులిపి తీగ మీద వేసింది. ఎగతాళి కాదు.

పెద్దమనుషులు కావాలి. కట్టెలమ్మే తోబిలే క్వాతితో కలిసి పెరిగినవాడు. వస్తానన్నాడు. మబాండ్లా ఇంటికి వెళితే క్వాతి మాట పూర్తికాకముందే ఆయన కోటు తీసుకున్నాడు. "గంట కొట్టింది నేనేగా," అన్నాడు.

ఆదివారం పొద్దున, ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని, టోపీలు పెట్టుకుని, కర్రలు పట్టుకుని మాబేలే గేటు ముందు నిలబడ్డారు. చర్చి విడిచిపెట్టిన వేళ. వచ్చేపోయేవాళ్ళంతా ఆగారు.

"బేలే వారి ఇంటికి దండాలు," అని తోబిలే కేకేశాడు.

లులామా బయటికొచ్చి వాళ్ళను చూసింది. తర్వాత పద్ధతి గుర్తొచ్చింది. "ఎవరు మీరు? ఏం కావాలి?"

"క్వాతి వంశం వాళ్ళం. ఈ ఇంట్లో ఉన్నదొకటి అడగడానికొచ్చాం."

"చెప్పొస్తాను," అని లోపలికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

కంచె వెంట జనం చేరారు.

"ఎవరికే పెళ్ళి?"

"క్వాతికట. మాబేలేని అడుగుతున్నాడట."

"మామియా, నీ సవతికి పళ్ళున్నాయా?"

కంచె దగ్గరే నిలబడిన మామియా తల తిప్పకుండా, "నీ మొగుణ్ణి ఉచితంగా ఇచ్చినా ఎవరూ తీసుకోరు. నీకీ బెంగ లేదులే," అంది.

క్వాతి కంచె వైపు చూడలేదు. ఇలాంటి నవ్వు అతను నలభై ఏళ్ళు పుట్టించాడు. దాని అవతలి వైపు నిలబడటం ఇదే మొదలు. ఎండ ఎక్కింది. దుప్పటి కింద చెమట కారుతోంది. తోబిలే ఒంటికాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారి, "నా పెళ్ళికి కూడా ఇంతసేపు నిలబెట్టలేదురా," అని గొణిగాడు. మబాండ్లా ఎప్పుడూ కట్టే టై ఆ రోజు కట్టుకోలేదు.

నవ్వు కొంతసేపటికి దానంతటదే సన్నగిల్లింది. ముగ్గురు ముసలివాళ్ళు ఎండలో నిలబడితే ఎంతసేపని నవ్వుతారు. జనం వెళ్ళిపోతారేమో అనుకుంటే వెళ్ళిపోలేదు. కంచె పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళంతా ఆ శనివారం హాల్లో ఉన్నవాళ్ళే.

లులామా వచ్చి గేటు తీసింది. మాబేలే వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. వాళ్ళకు నేల మీద చాప వేసి ఉంది. క్వాతి సీసా తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"మూత తియ్యి," అంది.

తీశాడు. ఆమె మూతలో కొంచెం పోసుకుని నేల మీద వంచింది. ఇంకొంచెం పోసుకుని తాగి, ముఖం చిట్లించింది.

"ఇదిగో, నోరు తెరిచాను. చూసుకోండి. ఇందులో ఏమీ లేదు."

తోబిలే మబాండ్లా వైపు చూశాడు.

"అది నేను దాచుకున్న పాట కాదు. నా నుంచి పోయిన పాట. జైలు నుంచి వచ్చాక ఒకటి రెండేళ్ళు ఉంది. పిల్లలూ, పనీ, చావులూ. ఒకరోజు చూసుకుంటే లేదు. ఈ లులామా ఏమో వచ్చినప్పుడల్లా పాడమ్మమ్మా పాడమ్మమ్మా అంటుంది. లేదని చెప్పడానికి సిగ్గేసింది. కుండ ఉందన్నాను." మాబేలే దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలిపింది. "ఆ శనివారం మీ గోల వింటూ కూర్చున్నాను. దానంతటదే వచ్చింది. మొత్తం వచ్చింది. ఇంటికెళ్ళేదాకా నిలవదేమోనని భయమేసి రాండు వేసి లేచాను. చివరిదాకా నోట్లోనే ఉంది. గంట మోగింది. పోయింది."

"దగ్గిందెవరో కూడా గుర్తు లేదా అమ్మా?" అని మబాండ్లా నెమ్మదిగా అడిగాడు.

"దగ్గు గుర్తుంది. ఇప్పుడు కూడా వినిపిస్తుంది. పేరు పాటలో ఉండేది. ఒక్కో గోడకు ఒక్కో దగ్గు, ఒక్కో పేరు. కొందరు అక్కడే పోయారు. వాళ్ళ పేర్లు ఇంకెక్కడా లేవు."

లులామా గుమ్మానికి ఆనుకుని నేల చూస్తోంది.

"ఎక్కడ ఆగానో నాకు తెలియదు," అంది మాబేలే. కంచె వైపు చూసింది. "మీరంతా ఉన్నారుగా. ఎవరైనా విన్నారా?"

కంచె వెంట ఒక్కరూ తలెత్తలేదు.

"నేను విన్నాను," అన్నాడు క్వాతి.

"విన్నావా?"

"విన్నానమ్మా. వింటూనే పెట్టాను."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. కొట్టినా బాగుండుననిపించింది అతనికి.

"అయితే పాడు."

"నాకు పాడటం రాదు. ఎప్పుడూ పాడలేదు."

"నేను పాడుతుంటే నీకు వినడం రాలేదు. పాడు."

క్వాతి చాప మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కిటికీ దొరా, కిటికీ దొరా. గొంతు పగిలిన రేకులా ఉంది. రాగం ఎక్కడో పోయింది. అంత హీనమైన పాటకు కొన్సాటిలో అయితే రెండు రాండ్లు చాలు ఆపించడానికి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఒక క్షణం అనుకున్నాడు. అందరికీ తెలిసిన చరణాలు దాటాడు. గోడ అవతల ఎవరో దగ్గారు. దగ్గు విని పేరు పట్టాను.

ఆగాడు. అక్కడి నుంచి అతనికి ఏమీ లేదు.

మాబేలే కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. చాలాసేపయ్యాక కళ్ళు తెరవకుండానే, "మళ్ళీ," అంది.

అతను మొదటి నుంచి పాడాడు.

ఆ తర్వాత చలికాలమంతా, ఫారాల నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ క్వాతి ముందు మాబేలే ఇంటికి వెళ్ళేవాడు. లులామా రికార్డరు బల్ల మీద పెట్టేది. అతను పాడి ఆ చోట ఆగేవాడు. ఆమె ఎదురుచూసేది. "మళ్ళీ," అనేది. కొన్నిరోజులు రెండుసార్లు, కొన్నిరోజులు అలిసిపోయేదాకా. ఒకసారి ఆమె గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచింది. ఇద్దరూ ముందుకు వంగారు. "కాదు. అది మా అత్త పేరు," అంది.

పాస్ ఆఫీసు కప్పు రేకులు క్వాతే ఎక్కి బిగించాడు. కూలి ఇస్తామంటే వద్దన్నాడు. ఎవరో భుజం తట్టి, నీ చలవే క్వాతీ, ఈ కప్పు నీ నోటి కప్పు అన్నారు. అతను నిచ్చెన పట్టుకుని దిగి, నీళ్ళు తాగే నెపంతో నది వైపు వెళ్ళిపోయాడు.

పేరు రాలేదు. చలికాలం వెళ్ళేముందు మాబేలే పోయింది. రికార్డు చేసినదాంట్లో మధ్యలో ఖాళీ కోసి అతికించనా అని లులామా ముందే ఒకసారి అడిగితే, కోస్తే ఒప్పుకోనంది. పాడినవాడి పేరు కింద రాయాలా అంటే, రాయాలి, కొన్నవాడి పేరు ఉండాలి అంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆడవాళ్ళ గది ఉంది. గోడకు ఒక పెట్టె, దానికో మీట. నొక్కితే మగగొంతు ఒకటి వికారంగా పాడుతుంది. పాడి ఆగిపోతుంది. అక్కడి నుంచి చాలాసేపు ఏమీ వినిపించదు. చివర ముసలి గొంతు ఒకటి, "మళ్ళీ," అంటుంది. అంతే.

తలుపు దగ్గర కూర్చోవడానికి ఊరివాళ్ళు వంతులు వేసుకున్నారు. క్వాతి నిచ్చెనలు మానేశాడు, ఎక్కువ వంతులు అతనివే. గది లోపలికి మాత్రం వెళ్ళడు. తెరిచిన కొత్తలో ఎవరో బయటికొచ్చి, "అయ్యా, ఆ పాట మధ్యలో పోతోందేమిటి?" అని అడిగారు. కరెంటు సరిగ్గా ఉండటం లేదన్నాడు. ఆ పూట మామియా వడ్డించినది అలాగే ఉండిపోయింది. ఎందుకు తినలేదని ఆమె అడగలేదు.

మొన్న పట్నం బడి పిల్లలొచ్చారు. వెంట వచ్చిన టీచరు తలుపు దాకా వచ్చి, "పెద్దాయనా, పెట్టె చెడిపోయినట్టుంది. సగంలో ఆగిపోయింది," అంది.

క్వాతి కుర్చీలోంచి లేచాడు. టోపీ తీశాడు.

"చెడిపోలేదమ్మా. అక్కడ నేను ఆపాను."

టీచరు పిల్లల వైపు చూసింది. వాళ్ళలో ఒక అమ్మాయి ముందుకొచ్చింది.

"ఎందుకు ఆపారు?"

అతను కాసేపు వెతుక్కున్నాడు. వేరే కారణం దొరకలేదు.

"అందరినీ నవ్వించాలని."

"నవ్వారా?"

"నవ్వారు," అన్నాడు క్వాతి.